కొబ్బరినూనె పూసిన ట్రంపెట్

వీర్రాజు పోయిన రెండు నెలలకి అతని భార్య మంగమ్మ నాకు ఫోను చేసింది. ఆమె గొంతు వినడం నాకదే మొదటిసారి. "మీ నాన్నగారి మేళంలో ట్రంపెట్ వాయించేవారు చూడండి, వీర్రాజుగారని, ఆయన ఇంటిదాన్నండి" అని మొదలుపెట్టింది. పోయిన సంగతి నాకు తెలుసని చెప్పేను. తెలిసీ ఎందుకు రాలేదని ఆమె అడగలేదు. "ఆయన దగ్గర పాత ట్రంపెట్టు ఒకటుందండి అన్నయ్యగారూ. మా మనవరాలు అమలాపురం కాలేజీలో బ్యాండులో చేరింది. తాతది నాకియ్యి అంటంది. తీరా చూస్తే మౌత్‌పీసు పట్టేసి ఉంది. పంపుసెట్లు బాగుచేసే అతను రెంచీ పెట్టి లాగేస్తానన్నాడు గానీ నేనివ్వలేదండి. మేస్టారి అబ్బాయికి ఆ పని తెలుసని ఈయన అంటా ఉండేవారు." వస్తానన్నాను. నాకు ఆ పని తెలుసని ఇంట్లో చెప్పుకున్న మనిషి, నేను ఆ పని ఎలా చేసేనో చెప్పలేదన్నమాట.

నాకు డెబ్బై దాటేయి. గ్రంథాలయంలో ఉద్యోగం చేసి రిటైరయ్యేను. ఉద్యోగం పేరుతో ఎందరివో జ్ఞాపకాలు చదివేను. రాసినవాడు తన తప్పు దగ్గరికి వచ్చేసరికి వాక్యాలు అందంగా తయారవడం చాలా పుస్తకాల్లో చూసేను. అందుకని దీన్ని వీలైనంత మామూలుగా రాస్తాను.

ఐనవిల్లికి రెండు మైళ్లవతల, కాలవ పక్కన, రెండు గదుల డాబా ఇల్లు వాళ్లది. ముందు వలిచిన కొబ్బరి డొక్కలు పోగేసి ఉన్నాయి. వీర్రాజు చివరిదాకా కొబ్బరి వలుపు పనిలోనే ఉన్నాడని ఆమె చెప్పింది. ట్రంపెట్‌ని పాత లుంగీలో చుట్టి మంచం మీద పెట్టింది. విప్పి చూసేను. మంచి సరుకేం కాదు. పాత ఇత్తడి కొనేవాడి దగ్గర ఎక్కడో దొరికిందట. కానీ ఒంటి మీద ఒక్క మరక లేదు. మౌత్‌పీసు గొట్టంలోకి దిగే చోట మాత్రం సన్నగా ఆకుపచ్చ చిలుము కట్టి ఉంది. మెకానిక్కులు వాడే స్ప్రే నూనె ఒకటి కొని తీసుకెళ్లేను. ఆ అతుకు చుట్టూ రెండు చుక్కలు పడేలా కొట్టి, ట్రంపెట్‌ని నిలబెట్టి, కాసేపు నాననివ్వాలన్నాను.

"ఎంతసేపండి?"

"గంటా గంటన్నర. తొందరపడితే పాడవుతుందమ్మా."

"ఆయ్, ఆయనా అదే మాటండి. మీరే తియ్యొచ్చు కదా అంటే, దాని పద్ధతి దానికుంది, మేస్టారు లేరు, మనం ముట్టుకోకూడదు అనేవారు. ఇరవయ్యేళ్లనించి పైపైనే తుడిచి పెట్టేవారండి. వాయించింది మాత్రం నేను చూళ్లేదు."

ఆమె కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. నేను గోడ మీద వీర్రాజు ఫొటో కనపడని వైపు కుర్చీ తిప్పుకుని కూర్చున్నాను.

ట్రంపెట్ చూడనివాళ్లకి రెండు మాటలు చెప్పాలి. పెదాలు ఆనించి ఊదే చిన్న గిన్నెలాంటి ముక్కే మౌత్‌పీసు. దానికి మరలుండవు. కాడ గొట్టంలోకి దిగి బిగుతు మీద నిలబడుతుంది. వాయించడం అయ్యేక తీసి, కడిగి, తుడిచి, వేరుగా పెట్టాలి. తియ్యకుండా వదిలేసినా, అరచేత్తో కొట్టి దించినా పట్టేస్తుంది. పట్టేసినా వాయించొచ్చు, పాట ఆగదు. కానీ లోపల కడగడానికి ఉండదు. రోజులు గడిచినకొద్దీ మరీ బిగుస్తుంది. దాన్ని తియ్యడానికి నాన్న పద్ధతి ఒకటే. అతుకులో చుక్క కిరసనాయిలు వేసి పూటంతా ఊరుకోవడం, తర్వాత గొట్టం మీద వేణ్ణీళ్లు పొయ్యడం, మౌత్‌పీసుకి నూతిలో ముంచిన గుడ్డ చుట్టడం, చింతకర్ర సుత్తితో చుట్టూ మెల్లగా తట్టడం, చివర చేత్తో తిప్పడం. రాకపోతే మళ్లీ మొదట్నుంచి. పట్టకారు, రెంచీ మా ఇంట్లో బ్యాండు పెట్టె దరిదాపుల్లోకి రాకూడదు. గొట్టం రేకు పల్చన. దాన్ని పట్టి ఉంచే అతుకులు సీసంతో వేసినవి. బలం చూపిస్తే మౌత్‌పీసు రాదు, గొట్టమే మెలి తిరిగిపోతుంది.

మాది కొత్తపేట దగ్గర పల్లెటూరు. తాతల కాలంలో సన్నాయి, నాన్న కాలంలో బ్యాండు. పదిమంది మేళం. ఆ పదిమందిలో తొమ్మిదిమంది మా చుట్టాలే. ముహూర్తాల రోజుల్లో తెల్లారగట్లే ఇల్లంతా చింతపండు పులుసు వాసన. వీధి అరుగు మీద వాయిద్యాలు పరిచి, చింతపండు, ముగ్గుపిండి కలిపి తోమేవాళ్లం. లోపల అమ్మ బొగ్గుల ఇస్త్రీపెట్టెతో ఎర్ర కోట్లు రుద్దేది. తడిసిన ఉన్ని గుడ్డ వాసనా, బొగ్గు వాసనా కలిసి వచ్చేవి. నాన్న కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకుని అటూ ఇటూ తిరిగేవారు. వాయించే రోజున నూనె వస్తువు తినేవారు కాదు. పెళ్లివారింట్లో మాకు ఆఖరి బంతిలో, పశువుల పాకలోనో పెరట్లోనో వడ్డించేవారు. ఎంత ఆకలేసినా, మౌత్‌పీసు తీసి కడిగినవాడే ఆకు ముందు కూచోవాలి. "వాయిద్యం కడుపు కడిగేకే మన కడుపు" అనేవారు నాన్న. క్లారినెట్ వాయించే మా చిన్నాన్న ఈ మాటకి ఎప్పుడూ విసుక్కునేవాడు. "ఈలోగా గారెలు అయిపోతున్నాయి అన్నయ్యా, దాని కడుపు రేపు కడుగుదాం" అనేవాడు. అంటూనే కడిగేవాడు.

పదోవాడు వీర్రాజు. మా ఇళ్లవాడు కాదు. ఊరికి అవతల పేటవాడు. కాలవగట్టు మీద బొప్పాయి కాడ ఊదుతూ పెళ్లిపాట అచ్చంగా పలికిస్తుంటే నాన్న సైకిలు ఆపి విన్నారట. ఇంటికి రమ్మన్నారు. మొదట పెద్ద డ్రమ్ము మోయడానికి వచ్చేడనుకున్నారు మావాళ్లు. ఏడాది తిరక్కుండా నాన్న తన సొంత ట్రంపెట్ అతని చేతిలో పెట్టేరు. కాకినాడలో పోలీసు బ్యాండు నుంచి రిటైరైన ఒకాయన దగ్గర కొన్నది, వెండి పూత ఉన్నది, జిల్లాలో మా మేళానికి పేరు తెచ్చింది అదే. నాకు మామూలు ఇత్తడిది. చిన్నాన్న నాన్నని నిలదీసేడు, "కొడుకుండగా బయటవాడికిస్తావా" అని. నాన్న నా ఎదురుగానే చెప్పేరు, "వీడికి గాలి లేదురా. వాడికుంది." చిన్నాన్నకి కోపం వచ్చినా నవ్వేడు. "అదీ నిజమే. వీడు ఊదితే పెళ్లికొడుకు మనసు మార్చుకుంటాడు" అన్నాడు. అందరూ నవ్వేరు, నేనూ నవ్వేను. అప్పటికి నాకు పంతొమ్మిదేళ్లు. వీర్రాజుకి ఇరవై రెండు. అతను నన్ను "తమ్ముడూ" అనేవాడు. నేను అతన్ని ఒక్కసారి కూడా అన్నా అనలేదు. వీర్రాజూ అనే పిలిచేను. అతని కాఫీ గ్లాసు మా అరుగు గూట్లో వేరుగా ఉండేది. తాగి, కడిగి, అతనే బోర్లించి పెట్టేవాడు. మా ఇంట్లో అది తప్పని ఎవరికీ అనిపించలేదు, నాన్నతో సహా. నాకూ అనిపించలేదు.

ఆషాఢంలో పెళ్లిళ్లుండవు. అప్పుడు వాయిద్యాలన్నీ విప్పి, వేణ్ణీళ్లతో కడిగి, ఆరబెట్టి, మౌత్‌పీసులు విడిగా గుడ్డలో చుట్టి పెద్ద చెక్కపెట్టెలో పెట్టేవాళ్లం. ఆ ఏడు ఆ పని నాన్న నాకొక్కడికీ అప్పజెప్పేరు. లైబ్రరీ నుంచి తెచ్చిన నవల ఒకటి సగంలో ఉంది. వర్షం మొదలైంది. రెండు వాయిద్యాలు సరిగ్గా కడిగేను. మిగతావాటికి కొబ్బరినూనె పూసేసేను. మా సీమలో బిగిసిన గొళ్లేనికీ, సైకిలు గొలుసుకీ, చెవిపోటుకీ అన్నిటికీ కొబ్బరినూనే కదా. ఇత్తడికి మాత్రం అది పగ. నిలవుంటే జిగురవుతుంది, చిలుము పట్టిస్తుంది. నాన్న వందసార్లు చెప్పిన మాట. వీర్రాజు ట్రంపెట్ మౌత్‌పీసు కాడకి కూడా నూనె రాసి, విడిగా చుట్టే ఓపిక లేక, అలాగే గొట్టంలోకి దించి పెట్టెలో పడుకోబెట్టేను. సాయంత్రం నాన్న "కడిగేవా" అన్నారు. "కడిగేను" అన్నాను. అంతే, నవల్లో పడ్డాను. ఆ నవల కథ ఇప్పుడొక్క ముక్క గుర్తులేదు.

శ్రావణంలో మొదటి పెళ్లికి వారం ముందు, నాన్న క్లారినెట్ రీడ్లకీ, డ్రమ్ము తోళ్లకీ రాజమండ్రి వెళ్లేరు. బుధవారం పొద్దున్న వీర్రాజు వచ్చేడు. చేతులు ఊరుకోవడం లేదు, గంటసేపు వాయించుకుంటానని అమ్మని అడిగేడు. అమ్మ పెట్టె తియ్యమంది. అరుగు మీద కూచుని వాయించేడు. అయిపోయేక మౌత్‌పీసు తియ్యబోతే కదల్లేదు. రెండోసారి ప్రయత్నించలేదు. నన్ను పిలిచేడు.

"తమ్ముడూ, ఇది పట్టేసింది. మేస్టారొచ్చేక చూపిద్దాం. నువ్వు గానీ ముట్టుకోకు."

"అలాగే."

"వర్షానికేమో. లేపోతే ఎవరైనా నూనె గట్రా..." అని నా మొహం చూసి ఆగేడు. తర్వాత నవ్వేడు. "ఏం లేదులే. మేస్టారికి చిటికెలో పని" అన్నాడు. ట్రంపెట్ గుడ్డలో చుట్టి, పెట్టెలో పెట్టి, తన గ్లాసు కడుక్కుని వెళ్లిపోయేడు.

ఆ మధ్యాహ్నం అమ్మ పక్కింటికి వెళ్లింది. నాన్న ఆ మౌత్‌పీసు తీస్తే లోపల పచ్చగా నూనె జిగురు కనపడుతుంది. కడిగేనన్నది అబద్ధమని పదిమందిలో తేలుతుంది. మళ్లీ చిన్నాన్న ఏదో ఒకటి అంటాడు, అందరూ నవ్వుతారు. నాకు ఉన్న భయం అంతే. దానికంటే పెద్దదేం కాదు. ఇన్నేళ్లలో దాన్ని పెద్దది చేసి చూపించుకోవాలని చాలాసార్లు ప్రయత్నించేను గానీ కాలేదు. పక్క పొలంలో పంపుసెట్టు దగ్గర పైపురెంచీ ఉంటే తెచ్చేను. మౌత్‌పీసుకి గుడ్డ చుట్టి, ట్రంపెట్‌ని మోకాళ్ల మధ్య ఇరికించి, రెంచీ బిగించి తిప్పేను. కదిలింది. ఎంత సంతోషమేసిందో ఇప్పటికీ తెలుసు. ఇంకాస్త తిప్పేను. కిర్రుమని సన్నటి చప్పుడైంది. చూస్తే తిరిగింది మౌత్‌పీసు కాదు. గొట్టం తడిబట్ట పిండినట్టు మెలి తిరిగింది. దాన్ని ఒంటికి పట్టి ఉంచే రెండు అతుకుల్లో ఒకటి ఊడిపోయింది. మౌత్‌పీసు ఎక్కడిదక్కడే ఉంది. గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టేసి, మిగతావాటి మీద నూనె తుడిచేసి, రెంచీ తీసుకెళ్లి ఉన్న చోటే ఉంచేను.

మా ఇంట్లో శ్రావణంలో పెట్టె తెరవడం చిన్న పండగలా ఉండేది. పెట్టెకి పసుపు రాసి, సాంబ్రాణి వేసి, కొబ్బరికాయ కొట్టి, నాన్న ఒక్కొక్క వాయిద్యం తీసి ఎవరిది వాళ్లకిచ్చేవారు. అందరూ తీసుకున్నాక ఒక్కసారే షడ్జం పట్టేవాళ్లం. ఆ రోజు నాన్న అన్నిటికంటే ముందు వీర్రాజు ట్రంపెట్టే తీసేరు. గుడ్డ విప్పేరు.

"ఎవరు ముట్టుకున్నారు దీన్ని?"

లోపల్నుంచి అమ్మ, "మొన్న బుధవారం వీర్రాజు వాయించుకున్నాడండి" అంది. అందులో ఆవిడ తప్పేం లేదు. ఉన్నమాటే.

వీర్రాజు లేచి నిలబడ్డాడు. "ఆయ్, వాయించేనండి మేస్టారూ. అప్పుడు గొట్టం బాగానే ఉందండి. మౌత్‌పీసు పట్టేసింది. మీరు ఊళ్లో లేరని తమ్ముడితో చెప్పి, ఉన్నదున్నట్టు పెట్టేసేను."

నాన్న నా వైపు తిరిగేరు. "చెప్పేడా?"

"లేదు" అన్నాను.

వీర్రాజు నన్ను చూసేడు. ఆ చూపు ఎలా ఉందో రాయడం నాకు ఇష్టం లేదు. రాస్తే ఏదో ఒక మాట వెతకాలి, ఆ మాట నాకు నచ్చుతుంది. చూసేడు, తర్వాత తల తిప్పుకున్నాడు. అంతవరకే చెప్పగలను. చిన్నాన్న క్లారినెట్ పక్కన పెట్టి, "నేను ఆరోజే చెప్పేను అన్నయ్యా. ఇంట్లోవాళ్ల చేతిలో ఉండాల్సిన వస్తువు బయటవాడికిస్తే ఇలాగే ఉంటుంది. వీడి బలమంతా దానిమీద చూపించేడు" అన్నాడు. మిగతావాళ్లు ఏమీ అనలేదు. అనకపోవడం కూడా ఒక మాటే.

"విరిగితే విరిగింది వీర్రాజూ" అన్నారు నాన్న. ఆయన గొంతు మెత్తగా ఉంది. "నేనే లాగేనని చెప్పు. చాలు. అతికించుకుందాం."

"నేను లాగలేదండి."

"చెప్పమంటున్నాను."

"లాగలేదండి మేస్టారూ. చెయ్యని పని చేసేనని ఎలా చెప్పమంటారు?"

నాన్నకి వస్తువు పాడైతే బాధ. అబద్ధమైతే అసహ్యం. "అయితే వెళ్లు" అన్నారు. వీర్రాజు అరుగు దిగేడు. చెప్పులు తొడుక్కుంటూ ఒకసారి ఆగేడు. నేను ఏదైనా అంటానేమోనని ఆగేడని నాకప్పుడే తెలుసు. ఆగిన మనిషికి ఎంత సేపు చాలో అంత సేపూ నేను నా ఇత్తడి ట్రంపెట్‌ని తుడుస్తూ కూచున్నాను.

ఆ ట్రంపెట్‌ని నాన్న రాజమండ్రి పంపించి అతికించేరు. తిరిగొచ్చేక అది నాకిచ్చేరు. నాకు కావాలనుకున్న వస్తువు ఆ దారిన వచ్చింది. రెండు సీజన్లు దాంతో వాయించేను. గొట్టం మీద అతుకు ఎడమచేతి వేలికి తగుల్తూ ఉండేది. పెళ్లివారు "ఆ నల్లటాయన రాలేదేంటండి" అని అడిగేవారు. తర్వాత లైబ్రరీ ఉద్యోగం వచ్చింది, వదిలేసేను. వీర్రాజు మరో మేళానికి వెళ్తాడనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉండేది. కానీ మేళాలన్నీ ఒకరికొకరు చుట్టాలు. వాయిద్యం విరగ్గొట్టి కాదని బొంకినవాడని రాజోలు దాకా పాకింది. ఎవరూ పెట్టుకోలేదు. పెళ్లి చేసుకుని అత్తవారి ఊరు వెళ్లిపోయేడని, కొబ్బరి వలుస్తున్నాడని తెలిసింది. మధ్యలో ఒకసారి అమలాపురం బస్టాండులో ఎదురుపడ్డాడు. చేతుల నిండా పీచు గీతలు. "బాగున్నావా తమ్ముడూ, మేస్టారు ఎలా ఉన్నారు" అన్నాడు. నాకు బస్సు కదిలిపోతోందని చెప్పేను. కదల్లేదు. ఎక్కి కూచున్నాక పది నిమిషాలు అక్కడే ఉంది.

నాన్నకి పక్షవాతం వచ్చి మంచాన పడ్డాక, ఒక మధ్యాహ్నం నేను పక్కన కూచుని పేపరు చదివి వినిపిస్తుంటే, ఆగమని చెయ్యి ఎత్తేరు. "వాడు ఆ రోజు ఒప్పేసుకుని ఉంటే పంపేవాణ్ని కాదురా" అన్నారు. పేరు చెప్పలేదు. అక్కర్లేదు. "వాడంత వాయించేవాడు నాకు మళ్లీ దొరకలేదు. అబద్ధం ఎందుకు చెప్పేడో నాకిప్పటికీ అర్థం కాదు." ఆయన కళ్లు నా మీదే ఉన్నాయి. నేను తలగడ సరిచేసి, పేపరు మళ్లీ అందుకున్నాను. ఏ వార్త దగ్గర ఆపేనో వెతుక్కున్నట్టు నటించేను. తర్వాత ఆయన మూడు వారాలే బతికేరు. మొదటి అబద్ధానికి భయం కారణమని చెప్పుకోవచ్చు. నాన్న మంచం పక్కన కూచున్ననాటికి నాకు నలభై దాటేయి. నన్ను ఎవరూ ఏమీ అనరు. అయినా చెప్పలేదు.

మంగమ్మ కాఫీ తెచ్చింది, తర్వాత అన్నం పెట్టింది. తినలేకపోతూ తిన్నాను. నూనె నానేక ఆమెని వేణ్ణీళ్లు కాచమన్నాను. ఇప్పుడు ఫ్రిజ్ ఉంది కనక నూతి గుడ్డ అక్కర్లేకపోయింది. ఐసు ముక్కలు సంచిలో వేసి మౌత్‌పీసుకి చుట్టేను. ఆమె గొట్టం మీద నీళ్లు పోస్తుంటే, చింతకర్ర దొరక్క, పప్పు మెదిపే చెక్క గుత్తి పిడితో చుట్టూ తట్టేను. తిప్పేను. రాలేదు. మళ్లీ నీళ్లు, మళ్లీ ఐసు, మళ్లీ తట్టడం. ఈ రోజుల్లో దీనికి ప్రత్యేకంగా పనిముట్టు ఉందట, ఫోనులో నొక్కితే ఇంటికొస్తుందట, మనవరాలు చెప్పిందట. పెళ్లిళ్లలో మాత్రం ఇప్పుడు పెద్ద స్పీకర్లు కట్టిన లారీయే వస్తోంది. పనిముట్టు దొరికే రోజులకి వాయించేవాళ్లు లేకుండా పోయేరు. ఆరోసారో ఏడోసారో నా వేళ్ల కింద వెంట్రుకవాసి కదిలింది. ఆగి చూసేను. గొట్టం కదల్లేదు, మౌత్‌పీసే కదిలింది. మరో రెండుసార్లకి చేతిలోకి వచ్చేసింది.

మంగమ్మ దాన్ని తీసుకుని కొంగుతో తుడిచింది. "ఇంతేనా అండి" అంది.

"ఇంతే. చేసేవాడికి ఓపికుంటే" అని, ఆమె ఇంకో మాట అనేలోగా చెప్పేసేను. కొబ్బరినూనె సంగతి, రెంచీ సంగతి, నాన్న అడిగితే నేనన్న ఆ ఒక్క మాట. కూచుని చెప్పడం బాగోలేదనిపించి నిలబడే చెప్పేను. అయిపోయేక మౌత్‌పీసుని మంచం మీద పెట్టింది.

"ఎవరు చేసేరో ఆయన నాకెప్పుడూ చెప్పలేదండి. నేను కాదు అనేవారు, అంతే" అంది. "మీరని ఇయ్యాల తెలిసింది."

"నన్ను క్షమించమని అడగడానికి కూడా..."

"అది కాదండి అన్నయ్యగారూ." ఆమె గొంతులో కోపం లేదు. వంటింట్లో ఏదో సరుకు అయిపోయిందని చెప్పినట్టే చెప్పింది. "నాకు చెప్తే ఏమొచ్చిందండి? నేను ఆయన్ని నమ్మకపోతే కదా. పెళ్లైన కొత్తలో చెప్పేరు, నమ్మేను, అయిపోయింది. నమ్మనోళ్లకి చెప్పండి."

నమ్మనివాళ్లలో చాలామంది లేరు. నాన్న లేరు. మేళంలో మిగిలింది చిన్నాన్న ఒక్కడే. తొంభైకి దగ్గరపడ్డాడు, చెవులు బాగానే పనిచేస్తాయి. ఆ సాయంత్రం అటు వెళ్లాల్సినవాణ్ని తిన్నగా ఇంటికి వచ్చేసేను. నాలుగు రోజులు ఏవో పనులు కల్పించుకున్నాను. ఐదోరోజు పొద్దున్న వెళ్లేను. చిన్నాన్న వసారాలో పడక్కుర్చీలో ఉన్నాడు. బయట అరుగు మీద మా చుట్టాలు నలుగురైదుగురు ఏదో పెళ్లి మాటలు మాట్లాడుకుంటున్నారు. దగ్గరగా కుర్చీ లాక్కుని, చిన్న గొంతుతో చెప్పేను.

చిన్నాన్న కళ్లు మూసుకుని విన్నాడు. ఆశ్చర్యపోయినట్టు కనపడలేదు. "ఇప్పుడెందుకురా ఇదంతా" అన్నాడు.

"చెప్పాలి చిన్నాన్నా. అతనేమీ చెయ్యలేదు."

"వాడు పోయేడు. మీ నాన్న పోయేడు. నువ్వు ఇంట్లోవాడివి. నీ మీద మాట ఎందుకు రానిస్తాం?" అని బయటికి చూసి, నా చెయ్యి తట్టేడు. "మెల్లిగా మాట్లాడు. మనవాళ్లు వింటారు."

యాభై ఏళ్ల కిందట మా ఇంటి అరుగు మీద నన్ను కాపాడింది ఏమిటో ఆ క్షణంలో తెలిసింది. నా తెలివి కాదు. ఆయన చెయ్యి ఇంకా నా చేతి మీదే ఉంది, వెచ్చగా ఉంది. తీసేసుకుని లేచి నిలబడ్డాను. అరుగు వైపు తిరిగి, నాకున్న గాలంతా పెట్టి, ఆషాఢంలో పెట్టె సర్దిన రోజు దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టేను. "వీర్రాజన్న" అని నా నోట రాగానే, వాళ్లు పెళ్లి మాటలు ఆపి లోపలికి చూసేరు.